టూరిస్టు వీసా మీద టీచరుద్యోగమా?

ప్రశ్న: మేడమ్, నమస్తే. మాది ఉద్దానంలో ఒక చిన్న ఊరు. ఎం.ఏ. ఇంగ్లీషు, బీఈడీ చేసి పలాసలో ఒక ప్రైవేటు స్కూల్లో ఐదేళ్లుగా ఇంగ్లీషు చెబుతున్నాను. జీతం 15 వేలు, వేసవి సెలవుల్లో అదీ ఉండదు. మొన్నటి మెగా డీఎస్సీలో కొద్ది మార్కుల తేడాతో పోయింది. వరసకు బాబాయి అయ్యే ఒకాయన, వియత్నాంలో ఇంగ్లీషు టీచర్లు కావాలట, నెలకు లక్ష పైనే ఇస్తారట అంటున్నాడు. ముందు టూరిస్టు వీసా మీద వెళ్తే అక్కడ వర్క్ వీసాగా మార్చేస్తారట. రెండున్నర లక్షలు కట్టాలి. నాన్న జీడితోట తనఖా పెడతానంటున్నారు. అమ్మ మాత్రం 28 ఏళ్లొచ్చాయి, పెళ్లి చేసుకోకుండా ఈ దేశాలు తిరగడమేంటని ఏడుస్తోంది. నాకు ఇంకో టెన్షన్ కూడా ఉంది. పదో తరగతి దాకా తెలుగు మీడియం. నా ఇంగ్లీషులో మన యాస వినిపిస్తుందని స్టాఫ్ రూమ్‌లోనే నవ్వుతారు. అలాంటిదాన్ని పరాయి దేశంలో ఇంగ్లీషు చెప్పగలనా? వెళ్లమంటారా, వద్దంటారా?
— ఒక టీచర్, శ్రీకాకుళం జిల్లా

జవాబు: అమ్మా, నా దగ్గర చదువుకున్న పిల్లల వయసు నీది. అందుకే నువ్వు అంటున్నాను, ఏమీ అనుకోకు. తోట తనఖా పెట్టొద్దని ఈ పూటే నాన్నగారికి చెప్పు. మిగతాది ఆ తర్వాత చదువు.

చెప్పావా? సరే. నేను వెళ్లమనే అంటాను. కాకపోతే ఈ దారిలో కాదు, ఈ బాబాయి చేత అసలే కాదు.

వియత్నాంలో ఇంగ్లీషు చెప్పే ఉద్యోగాలు ఉన్న మాట నిజమే. కానీ అక్కడ చట్టప్రకారం పనిచేయాలంటే వర్క్ పర్మిట్ ఉండాలి. దానికి డిగ్రీ, టీచింగ్ సర్టిఫికెట్, పోలీస్ క్లియరెన్స్, మెడికల్ కావాలి. ఆ కాగితాలను ఇక్కడ మన ప్రభుత్వం చేత, వాళ్లు అడిగిన పద్ధతిలో ధ్రువీకరించుకోవాలి. ఇందులో చాలావరకు విమానం ఎక్కకముందు ఇండియాలో జరగాల్సిన పని. మరి కాగితాల ఊసెత్తకుండా ముందు టూరిస్టు వీసా మీద దించేస్తాననే మనిషి నీకేం అమ్ముతున్నట్టు? ఒక టికెట్టు, ఒక వీసా, అంతే. టూరిస్టు వీసా మీద పాఠం చెప్పడం ఆ దేశంలో చట్టవిరుద్ధం. పట్టుబడితే జరిమానా కట్టించి తిప్పి పంపేస్తారు. పట్టుబడకపోతే ఇంకా ఘోరం. నీకు వర్క్ వీసా లేదన్న సంగతి నిన్ను పనిలో పెట్టుకున్నవాడికి తెలుసు. నెలాఖరున సగం జీతం చేతిలో పెట్టినా నువ్వు ఎవరి దగ్గరికీ వెళ్లి అడగలేవని కూడా తెలుసు.

అసలు వియత్నాంలోనే దించుతాడన్న నమ్మకం ఏమిటి? 2024లో విశాఖ పోలీసులు బయటపెట్టిన కంబోడియా వ్యవహారం గుర్తుందా? డేటా ఎంట్రీ ఉద్యోగాలని చెప్పి మన పిల్లల్ని తీసుకెళ్లి సైబర్ మోసాలు చేయించే ముఠాలకు అప్పగించారు. మీ బాబాయి అలాంటివాడని నేననను. ఆయన్ని కూడా ఇంకెవడో మోసం చేస్తూ ఉండొచ్చు. మన జిల్లాలో ఈ వ్యాపారం చుట్టరికాల మీదే నడుస్తుంది. 'మనోడే' అన్న మాటకి రసీదు కూడా అడగం.

కాబట్టి ఆయన్ని ఒక్క ప్రశ్న అడుగు: రిక్రూటింగ్ ఏజెంట్ లైసెన్సు నంబరు ఎంత? మన దేశంలో విదేశీ ఉద్యోగాలకు మనుషుల్ని పంపాలంటే 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద రిజిస్టరై ఉండాలి. ఆ లైసెన్సు ఉందో లేదో విదేశాంగ శాఖ వారి ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. లైసెన్సున్న ఏజెంటు కూడా నీ దగ్గర తీసుకోగలిగే ఫీజుకు హద్దు ఉంది: 30 వేల రూపాయలు, దాని మీద జీఎస్టీ. ఆ ఏజెంటు కింద ఊళ్లో తిరిగే సబ్ ఏజెంటుకు చట్టంలో చోటే లేదు. రెండున్నర లక్షలకూ 30 వేలకూ మధ్య ఉన్న తేడా ఎవరి జేబులోకి వెళ్తుందో మర్యాదగానే అడుగు. బాబాయికి కోపం వస్తే రానీ.

ఇప్పుడు నీ ఇంగ్లీషు గురించి. నీలాంటి పిల్లలకు ముందే తెలియాల్సిన సంగతి ఒకటుంది. ఇంగ్లీషు టీచరు ఉద్యోగాల్లో చాలా దేశాలు చూసేది నీ ఇంగ్లీషును కాదు, నీ పాస్‌పోర్టును. 'నేటివ్ స్పీకర్' అని ప్రకటనలో రాస్తారు. కొరియాలో ప్రైవేటు ఇంగ్లీషు అకాడమీల్లో చెప్పేందుకు ఇచ్చే వీసా అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, ఐర్లండ్, దక్షిణాఫ్రికా పౌరులకే. జపాన్ బడుల్లో చెప్పాలంటే పన్నెండేళ్ల చదువు ఇంగ్లీషు మీడియంలో జరిగి ఉండాలి. చైనాలోనూ మన పాస్‌పోర్టుతో ఇంగ్లీషు టీచరు పర్మిట్ రావడం కష్టం. థాయిలాండ్‌లో మనలాంటి వాళ్లను తీసుకుంటారు గానీ టోయిక్ లాంటి ఇంగ్లీషు పరీక్షలో స్కోరు చూపించమంటారు. మన దేశంలో ఇంగ్లీషులోనే పుట్టి పెరిగిన పిల్లకైనా ఈ గోడలు ఉంటాయి. అవి నీ యాస చూసి కట్టినవి కావు. ఎవరైనా నీ అప్లికేషన్ తిప్పి పంపితే నీ ఇంగ్లీషు బాగాలేదనుకుని రాత్రంతా ఏడవొద్దు. ఆ ఏడుపు నేను ఏడ్చాను, అందుకే చెబుతున్నాను.

మరి నీ చేతిలో ఉన్న బలమేమిటి? బీఈడీ, ఐదేళ్ల అనుభవం. 'నేటివ్ స్పీకర్' కావాలనే చోట వీటిని పట్టించుకోరు. టీచరు కావాలనే చోట ఇవే అడుగుతారు. గల్ఫ్‌లో సీబీఎస్‌ఈ సిలబస్‌తో నడిచే ఇండియన్ స్కూళ్లు, మాల్దీవుల ప్రభుత్వ బడులు ఆ రెండో రకం. నా ఓటు వీటికే. గల్ఫ్ ఇండియన్ స్కూళ్లకు ఏప్రిల్‌లో కొత్త విద్యా సంవత్సరం మొదలవుతుంది, కాబట్టి చలికాలంలోనే వాళ్ల వెబ్‌సైట్లు చూసి నేరుగా అప్లై చెయ్యి. ఇంటర్వ్యూ, డెమో క్లాసు వీడియోలోనే పెడతారు. ఒక చేదు సంగతి కూడా చెప్పాలి. అక్కడ ఉద్యోగం చేసే మగవాళ్ల భార్యలు, అప్పటికే ఫ్యామిలీ వీసాలో ఉన్నవాళ్లు, తక్కువ జీతానికి దొరుకుతారు. అందుకని కొన్ని స్కూళ్లు ఇండియా నుంచి వచ్చే ఒంటరి టీచరుకు కూడా అదే జీతం చూపిస్తాయి. ఇంటి అద్దె ఇవ్వకుండా ఆ జీతమిస్తే ఒప్పుకోవద్దు. లెక్క వేసుకుంటే పలాస జీతమే మేలనిపిస్తుంది.

నేను 2006లో విజయనగరం నుంచి మాల్దీవులకు వెళ్లాను. ఒక చివరి నుంచి ఇంకో చివరికి ఇరవై నిమిషాల్లో నడిచేయగల దీవి. కొబ్బరి చెట్లు చూసి నువ్వైతే ఉద్దానమే అనుకుంటావు. కానీ కూరగాయలు పడవ మీద రావాలి, గాలివాన పడితే పడవ రాదు. వంకాయ కోసం కళ్లు కాయలు కాశాయంటే నమ్ము. చేప తినేదానివైతే బతికిపోతావు, అక్కడ పొద్దున్న ఫలహారంలో కూడా ట్యూనా చేప, కొబ్బరి కోరు కలిపి రొట్టెతో తింటారు. శుక్ర, శనివారాలు సెలవు. ఊరు చిన్నది కాబట్టి నువ్వు సాయంత్రం ఎవరితో మాట్లాడావో రాత్రికి అందరికీ తెలిసిపోతుంది. ఆ విషయంలో మన ఊళ్లకేం తీసిపోదు.

మొదటి వారం ఎనిమిదో తరగతి పిల్లలతో వాళ్ల ధివేహీ భాషలో మాటలు బోర్డు మీద రాయించాను. కారును వాళ్లు 'కారు' అన్నారు. డాక్టర్ని 'డాక్టరు' అన్నారు. బోర్డు ముందు నిలబడి నవ్వాపుకోలేకపోయాను. ఇంగ్లీషు మాట చివర అచ్చు తగిలించే అలవాటు మనకే కాదు, వాళ్లకూ ఉంది! ఆ పిల్లల నాలుక ఎక్కడ ఆగుతుందో, ఎక్కడ జారుతుందో నాకు ముందే తెలుసు, ఎందుకంటే నా నాలుక కూడా అక్కడే జారింది. ఆ తర్వాత మస్కట్‌లో మూడేళ్లు చేశాను. అక్కడ అరబ్బు పిల్లలు 'ప' పలకలేక పెన్సిల్‌ను బెన్సిల్ అనేవారు. పక్క క్లాసులో లండన్ నుంచి వచ్చిన ఆవిడ 'సరిగ్గా అను, సరిగ్గా అను' అని పది సార్లు అనిపించేది. నేను ఆ పిల్లవాడి నోటి ముందు చిన్న కాగితం ముక్క పట్టుకుని, గాలి తగిలి కాగితం ఊగేలా అనమన్నాను. మూడో రోజుకు వచ్చింది. నాకు ఎవరూ నేర్పని ఉపాయం కాదది. 'స్కూలు'ను 'ఇస్కూలు' అనకుండా ఉండడానికి మా మాస్టారు నాతో 'స్స్స్' అని పాములా బుసకొట్టించి, అక్కడి నుంచి 'స్కూలు' అనిపించేవారు. అదే పద్ధతి.

ఇంగ్లీషును తెలుగు మీడియంలో నేర్చుకున్నవాళ్లకు ఆ భాష ఊరికే రాలేదు. ఏ మాట ఎందుకు అలా ఉందో ఒక్కో మెట్టూ ఎక్కి తెలుసుకున్నారు. 'ప్రెజెంట్ పర్ఫెక్ట్ ఎందుకు, పాస్ట్ టెన్స్ చాలదా' అని పిల్లవాడు అడిగితే నీ దగ్గర జవాబు ఉంటుంది. పుట్టుకతో వచ్చినవాళ్ల దగ్గర చాలాసార్లు ఉండదు. నీ స్టాఫ్ రూమ్‌లో నవ్వేవాళ్లలో ఎంతమంది దగ్గర ఉందో నాకు అనుమానమే. నేను విశాఖలో డిగ్రీ చదివేటప్పుడు 'ఏటి' అంటే నవ్వేవారు. మాల్దీవుల్లో, మస్కట్‌లో నా యాస శ్రీకాకుళానిదో గుంటూరుదో తెలిసినవాడు ఒక్కడూ లేడు.

అలాగని ఉన్నదున్నట్టుగా వెళ్లిపోమనను. యాస ఉంటే ఫరవాలేదు, మాట అర్థం కాకపోతే మాత్రం కుదరదు. 'వెస్ట్', 'వెస్ట్' అని దిక్కునూ బనియన్నూ ఒకేలా పలికితే పిల్లలకు తేడా తెలియదు. మాటలో ఏ భాగం మీద ఒత్తు పడాలో చూసుకో. 'ఫొటోగ్రాఫ్'లో ఒత్తు మొదట, 'ఫొటోగ్రఫీ'లో రెండో అక్షరం మీద. మనం అన్నిటినీ ఒకే మోతాదులో పలికేస్తాం. రోజూ ఐదు నిమిషాలు ఏదైనా ఇంగ్లీషు వార్త చదివి ఫోన్లో రికార్డు చేసుకో. మూడు నెలల తర్వాత మొదటిది విను. సిగ్గేస్తుంది, మంచిదే.

నీకు అసలు లోటు యాసలో లేదు, ఇంకోచోట ఉండొచ్చు. పలాసలో నువ్వు పాఠం ఎలా చెబుతావు? ఇంగ్లీషు వాక్యం చదివి, తెలుగులో అర్థం చెప్పి, మళ్లీ ఇంగ్లీషు. మనమందరం అలాగే చెప్పాం. అక్కడ ఆ తెలుగు కర్ర ఉండదు. 'జాలి' అన్న మాట అర్థం చెప్పాలంటే బొమ్మో, అభినయమో, కథో కావాలి. వచ్చే వారం నుంచి రోజుకొక పీరియడ్ ఒక్క తెలుగు ముక్క లేకుండా చెప్పి చూడు. మొదటి రోజు నీకు చెమటలు పడతాయి, పిల్లలకు మంచి కాలక్షేపం.

ఇందుకు పనికొచ్చే కోర్సు సెల్టా. కేంబ్రిడ్జ్ వాళ్లది, 120 గంటలు, అందులో ఆరు గంటలు నువ్వు నిజంగా పాఠం చెబుతుంటే ట్రైనర్లు కూర్చుని చూస్తారు. ఆన్‌లైన్‌లో కూడా చేయొచ్చు. ఖర్చెక్కువే గానీ ఏజెంటుకి కట్టే డబ్బులో కొంత దానికి పెట్టినా నీతోనే ఉంటుంది. అంత వద్దనుకుంటే హైదరాబాద్ ఇఫ్లూ (ఇంగ్లీషు, విదేశీ భాషల యూనివర్సిటీ) వాళ్ల దూరవిద్య కోర్సు పీజీసీటీఈ ఉంది, అంటే ఇంగ్లీషు బోధనలో పీజీ సర్టిఫికెట్. కొన్ని వందల రూపాయలకు శని, ఆదివారాల్లో '120 గంటల టెఫెల్' అని ఇంగ్లీషు బోధన సర్టిఫికెట్ ఇచ్చేసే యాప్‌లు మాత్రం వద్దు. పాఠం చెప్పకుండా వచ్చిన టీచింగ్ సర్టిఫికెట్ ఎంత విలువ చేస్తుందో టీచరువి నీకు చెప్పాలా?

ఇంకో మాట. వెళ్లిన చోట వాళ్ల భాష నేర్చుకో, కనీసం పిల్లల పేర్లు సరిగ్గా పలికేంత, తిట్టుకుంటే తెలిసేంత. మనవైపు నుంచే వెళ్లిన గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడి బడిలో మాస్టారుగా ఉంటూ, అక్కడి గిరిజనులైన సవరల భాష నేర్చుకుని, వాళ్ల పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పించారు. పర్లాకిమిడి మీకు దగ్గరే కదా. నేను ధివేహీ లిపి, కుడి నుంచి ఎడమకు రాసేది, మా వంటామె కూతురి దగ్గర నేర్చుకున్నాను. ఏడేళ్ల పిల్ల నా తప్పులు దిద్దుతుంటే క్లాసులో నా పిల్లల మీద కోపం సగం తగ్గింది.

ఇప్పుడు కాగితాలు. విసుగు పుట్టినా ఇది చదువు, ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే.

నీ ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎక్కడున్నాయి? మీ స్కూలు బీరువాలో ఉంటే ఉద్యోగం మానేస్తున్నట్టు చెప్పకముందే ఏదో ఒక పనికి కావాలని తెచ్చేసుకో. డీఎస్సీ వెరిఫికేషన్‌కని అడిగితే ఇవ్వక తప్పదు. (అబద్ధం చెప్పమంటున్నానని అనుకోకు. నీ సొత్తు నువ్వు తెచ్చుకోవడానికి కారణం చెప్పాల్సిరావడమే అన్యాయం.) డిగ్రీ ప్రొవిజనల్ చాలదు, ఓడీ (ఒరిజినల్ డిగ్రీ) కావాలి. తర్వాత పేరు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా, ఆధార్‌లో పూర్తిగా, పాస్‌పోర్టులో పేరు ముందు ఇంటిపేరు వెనక ఉంటే, పరాయి దేశపు గుమస్తాకు నువ్వు ముగ్గురు మనుషులుగా కనిపిస్తావు. మన తెలుగువాళ్లలో సగం ఫైళ్లు దీని మీదే ఆగుతాయి. పాస్‌పోర్టు తీసుకునేటప్పుడే ఇంటిపేరును పూర్తిగా విడదీసి రాయించుకో.

ఆ తర్వాత ధ్రువీకరణ. ముందు రాష్ట్ర ప్రభుత్వం, తర్వాత విదేశాంగ శాఖ. ఒమన్, సౌదీ లాంటి దేశాలకు విదేశాంగ శాఖ అపోస్టిల్ స్టిక్కరు (కాగితం అసలైనదేనని పరాయి దేశాలకు చెప్పే ముద్ర) చాలు. యూఏఈ, ఖతార్, కువైట్‌కైతే వాళ్ల ఎంబసీ ముద్ర కూడా పడాలి. ఐదేళ్ల అనుభవానికి సర్వీస్ సర్టిఫికెట్ స్కూలు లెటర్‌హెడ్ మీద తీసుకో. జీతం చేతికిచ్చే స్కూలైతే ఇవాళే బ్యాంకులో వెయ్యమని అడుగు, రేపు రుజువు అదే.

కాంట్రాక్టులో నేను ముందు చూసేవి ఇల్లు, తిరుగు టికెట్టు, సెలవుల జీతం. మూడోది మర్చిపోవద్దు, వేసవి జీతం లేని బాధ నీకు తెలిసిందే. మాల్దీవులకైతే జీతంలో ఎంత భాగం డాలర్లలో ఇస్తారో కూడా అడుగు. అక్కడ డాలర్ల కొరత ఉంది, బ్యాంకులు నెలకు ఇంత వరకే ఇంటికి పంపాలని పరిమితి పెడుతున్నాయి. జీతం బాగుంది, పంపలేకపోతున్నాం అని ఏడ్చేవాళ్లను విన్నాను. పాస్‌పోర్టు ఎవరి చేతికీ ఇవ్వకు. నా మొదటి స్కూల్లో 'భద్రంగా ఉంటుంది' అని తీసుకుని బీరువాలో పెట్టారు. మా నాన్న పోయినప్పుడు అది బయటికి రావడానికి రెండు రోజులు పట్టింది. అంత్యక్రియలకు అందలేదు.

ఇక మీ అమ్మగారు. మన వైపు 'రంగం ఎళ్లాడు' అనే మాట ఆవిడ వినే ఉంటారు. రంగం అంటే రంగూన్. మన ఉత్తరాంధ్ర ఊళ్ల నుంచి మగవాళ్లు ఓడెక్కి బర్మా వెళ్లేవారు. 1942లో జపాన్ వాళ్లు వస్తే ఎంతోమంది అడవుల వెంట నడిచి వచ్చారు, కొందరు రాలేదు. నేను వెళ్తానన్నప్పుడు మా అమ్మ అడిగింది అదే: 'రంగం ఎళ్లినోలంతా తిరిగొచ్చేసారేటి?' నా దగ్గర జవాబు లేదు. నెలకోసారి ఫోన్ చేసి, రెండో ఏడు సెలవుల్లో వచ్చి గుమ్మం ముందు నిలబడ్డాక ఆ ప్రశ్న మానేసింది. నువ్వు రెండేళ్ల కాంట్రాక్టు చూపించి, ఎప్పుడు వెళ్తున్నానో కాక ఎప్పుడు తిరిగొస్తానో ముందు చెప్పు. పెళ్లి సంగతి నేను మాట్లాడను. అది నీకూ ఆవిడకూ మధ్య. ఒక్క మాట మాత్రం: రెండేళ్లు జీతం తెచ్చుకున్న పిల్లకి సంబంధాలు తగ్గిపోవడం నేను చూడలేదు, కట్నం అడిగే గొంతులు తగ్గడం చూశాను.

ఒకవేళ మాల్దీవులు ఖాయమైతే, అమ్మ పెట్టెలో వినాయకుడి బొమ్మ పెట్టబోతే ఆపు. పూజకు విగ్రహాలు తీసుకెళ్లడం ఆ దేశంలో నిషేధం. విమానాశ్రయంలోనే తీసేసుకుంటారు. దాని బదులు జీడిపప్పు పెట్టమను, హెడ్మాస్టరుకు ఇవ్వొచ్చు. కాంట్రాక్టు ఏదొచ్చినా సంతకం చేసే ముందు పేరూ చిరునామా చెరిపేసి ఒక ఫొటో తీసి ఈ శీర్షికకే పంపు. ఎర్ర సిరా పెన్ను నా దగ్గర ఇంకా ఉంది.